నీళ్ళు తాగకూడని డ్రమ్ములు

మా పరుపుల ఫ్యాక్టరీలో దయ్యాలకు భయపడనివాళ్ళు ఉన్నారు, ఓనరుకు భయపడనివాళ్ళూ ఉన్నారు. లమియత్ పిన్నికి భయపడనివాడు మాత్రం ఇంకా పుట్టలేదు. మనిషి చూస్తే పిడికెడు. ఎర్ర డ్రమ్ముల షెడ్డు గుమ్మంలో చెయ్యి అడ్డంపెట్టి నిలుచుందంటే, ఐసు టీ గ్లాసుతో వస్తున్న సూపర్‌వైజరు కూడా గిరుక్కున వెనక్కి తిరగాల్సిందే.

"గ్లాసు బయట పెట్టి రా."

"నేను తాగడానికి తెచ్చుకున్నా పిన్నీ, నీ డ్రమ్ముల్లో పొయ్యడానికి కాదు."

"నువ్వు తాగడానికే తెచ్చావు, సరే. కాలు జారితే అది ఎక్కడ ఒలకాలో నిన్ను అడిగి ఒలుకుతుందా?"

ఆ షెడ్డులోకి ఫోర్క్‌లిఫ్టు తోలేవాణ్ణి నేనే కాబట్టి ఆవిడ తిట్లలో పెద్దవాటా నాదే. వానాకాలంలో నా టైర్లు తడిగా ఉన్నాయని గుమ్మం బయటే ఆపేసి, గోనెపట్టాతో తుడిపించేది. తన తల తడిస్తే తను కూడా లోపలికి వచ్చేది కాదు. ఆరేదాకా చూరు కింద నిలబడి లోపలున్న వాళ్ళకు కేకలు వేస్తూ పని నడిపించేది. "ఇదేం పిచ్చి, ప్రవేత్?" అని కొత్తవాళ్ళు నన్నడిగేవాళ్ళు. పిచ్చో, భక్తో, నాకు అప్పట్లో తెలియదు.

పిన్ని సముద్రపొడ్డున మహాచాయ్ ఉప్పుమళ్ళలో పుట్టింది. మబ్బు కనిపిస్తే అన్నం ముందునుంచి లేచి పరిగెత్తే ఇల్లు వాళ్ళది. నెలల తరబడి ఎండలో పండించిన ఉప్పు ఒక్క జల్లుకు కరిగిపోతుంది. "ఊరందరికీ వానంటే చల్లదనం, మాకు కడుపుకోత" అనేది. భర్త చేపల పడవెక్కి రనోంగ్ రేవు వైపు వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఎవరైనా జాలిపడి "సముద్రం మింగిందేమోలే" అంటే, "సముద్రానికి అంత చెడ్డ రుచి లేదు" అని మళ్ళీ పనిలో పడిపోయేది. మొదట మా దగ్గర పరుపులకు గలేబులు కుట్టింది. డ్రమ్ముల దగ్గరికి రావడం ఒరతాయ్ గారు వచ్చాకే.

ఒరతాయ్ గారు మా ఇంజనీరు. బ్యాంకాక్‌లో చదివొచ్చిన చిన్నపిల్ల. వచ్చిన వారంలోనే అందరినీ పిలిచి, ఒక కప్పులో ఎర్ర డ్రమ్ము మందు, నీలం డ్రమ్ము మందు, కొలిచిన నీళ్ళు పోసి కలిపింది. అది మేము రోజూ చూసేదే. అయినా చూడటం ఆపలేం. పాలు పొంగినట్టు తెల్లగా పొంగి, ఆ పొంగు దిగకుండా అక్కడే నిలబడిపోతుంది. చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్ళీ లేస్తుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, ద్రవం లేచి నిలబడటం చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాత ఆవిడ ఒక సీసాలో ఎర్ర డ్రమ్ము మందు ఒక్కటే పోసి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి ఆడించి, మూతికి బెలూను తగిలించి ఎండలో పెట్టింది. మేము భోజనాలు చేసి, కునుకు కూడా తీసి వచ్చేసరికి బెలూను పనసకాయంతైంది.

"లోపల గ్యాసు పుట్టింది. పరుపులో బుడగలు చేసేది కూడా ఆ గ్యాసే. మూత తెరిచి ఉంటే పరుపు. మూసి ఉంటే?"

కుట్టు మిషన్ల వరసలోంచి పిన్ని గొంతు వినిపించింది. "డ్రమ్ముకి బెలూను ఉండదు కదా అమ్మాయిగారూ?"

"ఉండదు పిన్నీ. అప్పుడు డ్రమ్మే బెలూను."

ఆ రోజే పిన్ని వెళ్ళి ఎర్ర డ్రమ్ముల షెడ్డు తనకిమ్మని అడిగింది. రోజూ పొద్దున్నే ప్రతి డ్రమ్ము మీదా పసిబిడ్డకు జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించేది, పైరేకు మీద వేలి కణుపుతో కొట్టి చప్పుడు వినేది. అనుమానం వస్తే ఒరతాయ్ గారి గదికి పరుగు. ఆ అమ్మాయి చెప్పిన దానికి ఈవిడ తల ఊపేది, ఈవిడ చెప్పిన దానికి ఆ అమ్మాయి లేచి వచ్చి చూసేది. పుస్తకం చదివిన మనిషీ, మబ్బులు చదివిన మనిషీ అలా కలిసి పనిచెయ్యడం నేను ఇంకెక్కడా చూడలేదు. షెడ్డు వెనక అదే మందు నిండిన పెద్ద ట్యాంకు ఉంది. ట్యాంకు వెనక ప్రహరీ గోడ, గోడకవతల మా గదులు. పెళ్ళాం పిల్లలతో మేమందరం ఉండేది అక్కడే.

ఇక ఆ పండగ సంగతి.

సోంగ్‌క్రాన్ నీళ్ళ పండగకు, అదే మా కొత్త సంవత్సరానికి, సెలవులు ఇచ్చేముందు మా ఫ్యాక్టరీలో ఏటా భిక్షువులను పిలుస్తారు. మంత్రించిన నీళ్ళు ప్రతి మిషను మీదా చల్లుతారు. మిషన్లకు రంగు గుడ్డలు చుడతాం, పూలదండలు వేస్తాం. నా ఫోర్క్‌లిఫ్టుకైతే పెళ్ళికూతురికి చేసినంత సింగారం. ఎర్ర షెడ్డు విషయంలో మాత్రం పిన్నీ, ఒరతాయ్ గారూ ముందే గుడికి వెళ్ళి పెద్ద భిక్షువుతో మాట్లాడుకున్నారు. ఎనభై దాటిన మనిషి ఆయన. నవ్వి, "నీళ్ళు పడని బిడ్డకి పూలు చాలు" అన్నారట. గుమ్మానికి దండ కట్టి ఊరుకున్నాం.

ఆ రోజు భోజనాలకు చాపలు పరవడానికి చోటు చాలలేదు. షెడ్డు పక్క వరండాలో వాడుతున్న డ్రమ్ములు కొన్ని ఉన్నాయి. నా బండి దండలేసుకుని కదలకుండా కూర్చుంది కదా, కటింగ్ సెక్షన్ వాళ్ళు ఆ డ్రమ్ములను చేత్తోనే దొర్లించుకుంటూ పోయి రేకుల గోడ బయట ఎండలో పెట్టేశారు. రేకుకు ఇటువైపు చాపలు, అటువైపు డ్రమ్ములు. అప్పుడు పిన్ని గేటు దగ్గర భిక్షువులకు ఎదురెళ్ళి ఉంది.

తిరిగొచ్చి చూసి మండిపడింది. "ఎవడు దొర్లించాడు వీటిని?"

"పండగ పూట అరవకు పిన్నీ, సాయంత్రం మళ్ళీ పెట్టేస్తాం" అన్నారు వాళ్ళు.

మంత్రాలు మొదలయ్యాయి. ఇంక అరవడానికి లేదు. పిన్ని చేతులు జోడించి కాసేపు కూర్చుంది కానీ, మనసు మంత్రాల మీద లేదు. మంత్రాలు అయిపోయి భిక్షువులు భోజనానికి కూర్చోగానే మెల్లగా లేచి గోడ అవతలికి వెళ్ళింది. నేను నా బండి దగ్గర నిలబడి చూస్తున్నాను. వరసగా కొట్టుకుంటూ పోతోంది. ఒక డ్రమ్ము దగ్గర ఆగింది. మళ్ళీ కొట్టింది. బిగించిన డోలు మీద కొట్టినట్టు మోగింది.

నేనూ వెళ్ళాను. ఆ డ్రమ్ము పైరేకు పూరీలా ఉబ్బి ఉంది. పక్క డ్రమ్ములు ఎండకు కాలాయి, ఇది అంతకంటే ఎక్కువ కాలుతోంది. బిరడా మరల సందున వాడిపోయిన మల్లెరేకు ఒకటి ఇరుక్కుని ఉంది. మల్లెలు వేసేది గుడి నీళ్ళలోనే. పొద్దున్న చల్లగా ఉన్న డ్రమ్మే, దొర్లించి ఎండలో పెట్టేసరికి నీళ్ళు మందులో కలిసిపోయాయి. పిన్ని గోటితో దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ప్రవేత్, అమ్మాయిగారిని పిలుచుకురా. పరిగెత్తకు. నడిచి వెళ్ళు."

నడిచే వెళ్ళాను. ఒరతాయ్ గారు వచ్చేసరికి పిన్ని బిరడా తిప్పే పానా చేతిలోకి తీసుకుని ఉంది. ఆ అమ్మాయి ఒక్క ఉదుటున ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"వద్దు పిన్నీ! ఇప్పుడు తిప్పితే బిరడా, మందూ అన్నీ నీ మొహం మీదికే. దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. దూరం నుంచి నీళ్ళు కొట్టి పైన చల్లబరుస్తాం, ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదు. ముందు మనుషుల్ని లేపాలి."

"సైరన్ కొడదామా?" అన్నాను.

ముగ్గురం ఒకేసారి గేటు వైపు చూశాం. మూడొందల మంది, ముసలీ ముతకా, పిల్లలు. గేటు ఒక్కటే, అందులోనూ సగానికి పూల పందిరి. సైరన్ మోగితే డ్రమ్ము పేలకముందే అక్కడ తొక్కిసలాట.

"నేను ఫైరు టీమును తెస్తా. వాళ్ళని నువ్వు లేపు పిన్నీ. నేను చెబితే ఎందుకూ ఏమిటీ అని అడుగుతారు" అంది ఒరతాయ్ గారు.

పిన్ని మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎందుకో మాకు తెలుసు. పెద్ద భిక్షువుది ఒంటిపూట భోజనం, ఒకే ఆసనం. కూర్చున్నచోటు నుంచి లేచారంటే ఆ రోజుకి ఇక మెతుకు ముట్టరు. అంత ముసలాయన్ని పండగ పూట అన్నం మీదనుంచి లేపడమంటే మా వైపు దానికంటే పెద్ద పాపం లేదు. లేపినమ్మను ఏడు జన్మలు తిట్టుకుంటారు. పానా నా చేతిలో పెట్టి, లుంగీలా చుట్టుకున్న పాసిన్ సర్దుకుని, చాపల మధ్యనుంచి నడిచింది.

ఓనరు క్రియెంగ్ గారి తల్లి, అందరం పెద్దమ్మగారు అంటాం, భిక్షువుకు ఎదురుగా కూర్చుని తన చేత్తో కానాగంత చేపల పులుసు అందిస్తోంది. పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని నేలకు నుదురు ఆనించి మూడుసార్లు దణ్ణం పెట్టింది.

"గురువుగారూ, తమరు లేవాలి. ఇప్పుడే లేవాలి. అందరినీ వెంటపెట్టుకుని గేటు దాటాలి."

"మతి పోయిందే నీకు?" అని పెద్దమ్మగారు చేతిలో గిన్నె వదిలేసింది. అవతల నుంచి క్రియెంగ్ గారు "లమియత్! ఏంటా మాటలు?" అని కేకవేశారు. చాపల నిండా గుసగుసలు లేచాయి.

పిన్ని తల ఎత్తి ముసలాయన మొహంలోకి చూసింది, అంతే. ఆయన రెండో మూడో ముద్దలు తిని ఉంటారు. ఆవిడ కళ్ళలోకి ఒక క్షణం చూశారు. ఎందుకని అడగలేదు. చేతిలో ముద్ద పాత్రలో పెట్టేసి, మూత పెట్టి, లేచి నిలబడ్డారు.

ఆయన లేచాక కూర్చునే ధైర్యం ఎవరికుంది? మూడొందల మందీ లేచారు. ఒక్కడు పరిగెత్తలేదు, ఒక్క బిడ్డ కిందపడలేదు. ఊరేగింపులో నడిచినట్టు ఆయన వెనకే నడిచారు. నేను ఫ్యాక్టరీలో ఎన్నో పెద్ద పెద్ద మోటార్లు చూశాను. అంతమందిని ఒక్క మాట లేకుండా కదిలించిన బలం ఏ మోటారులోనూ చూడలేదు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. అడుగులో అడుగు వేస్తారు. భిక్షువును దాటుకుని ముందుకు పోయేవాడు మాలో ఎవడూ లేడు. వెనకనున్న జనం రేకుల గోడ పక్కనే నిలబడిపోయారు. గోడ అవతల ఫైరు టీము నీళ్ళు కొడుతున్న హోరు వినిపిస్తోంది. వెనకనే ఉన్న పిన్నికి, ఆడమనిషి కాబట్టి, ఆయనను తాకే వీలులేదు, తొందరపెట్టే నోరులేదు.

ముసలాయన ఆగి వెనక్కి తిరిగి చూశారు. దారి పక్కకు జరిగి, కర్ర ఆనించుకుని నిలబడి చెయ్యి ఊపారు.

"పదండి, పదండి. ఈరోజు నన్ను దాటి పోయినవాళ్ళకే పుణ్యం. చచ్చు మొహమాటాలు మానండి!"

నవ్వుతూనే అన్నారు. జనం తలలు వంచుకుని, చేతులు జోడించుకుని, ఆయన పక్కనుంచి గబగబా దాటిపోయారు. ఆఖరున మిగిలింది ఆయన, పిన్ని, నేను. మేము గేటు దాటి మలుపు తిరిగామో లేదో, ఒరతాయ్ గారు టీమును వెనక్కి రమ్మని అరవడం వినిపించింది. ఆ వెంటనే భూమి అదిరింది.

పైరేకు ఊడి పైకి లేచి వరండా కప్పును చీల్చుకుని పడింది. పసుపుపచ్చని నురగ చాపల మీద, పులుసు గిన్నెల మీద, భిక్షువు కూర్చున్న ఆసనం మీద వచ్చిపడింది. పొగలాంటి ఘాటు గాలి మా వైపు కాక కాలవ వైపు పోయింది, అదీ మా అదృష్టం. పిల్లలు ఏడ్చారు తప్ప, ఒక్కరికీ చర్మం గీరుకోలేదు. ఆసనం మీది నురగ మా కళ్ళ ముందే గట్టిపడుతోంది. చూస్తూ చూస్తూ నాకు తెలియకుండానే చేతులు జోడించాను. ఆ మందుకో, ఆ ముసలాయనకో, లమియత్ పిన్నికో, ఎవరికి మొక్కానో ఇప్పటికీ చెప్పలేను.

ఫైరింజన్లు వచ్చి, ఇసక పోసి, గాలి తేటపడిందని చెప్పేసరికి పొద్దు వాలింది. భిక్షువులు గుడికి వెళ్ళిపోయారు. క్రియెంగ్ గారు అందరినీ గేటు లోపల నిలబెట్టారు.

"ఆ డ్రమ్ములో నీళ్ళు పోసిందెవరు? చెప్పండి! ఎవడైనా సరే, ఈ గేటు బయటికే! మళ్ళీ ఈ ఫ్యాక్టరీ మొహం చూడనివ్వను!"

ఒరతాయ్ గారు అడ్డం వచ్చింది. "సార్, గేటు మాట ఎత్తితే ఎవరు చెప్తారు? ఎలా జరిగిందో తెలియకపోతే మళ్ళీ జరుగుతుంది."

"నువ్వూరుకో! మా అమ్మ అప్పటిదాకా ఆ గోడ పక్కనే కూర్చుని ఉంది, తెలుసా?"

పిన్ని గుప్పిట బిగించుకునే ఉంది. మల్లెరేకు ఎవరి గుడి నీళ్ళ సీసాలోదో ఆవిడకు తెలుసని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

పెద్దమ్మగారు కుర్చీలోంచి లేచింది. కర్ర వెతుక్కుంది. కొడుకు పక్కనుంచి గేటు వైపు నడవడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఎక్కడికి?"

"బయటికేగా పొమ్మన్నావు. పోతున్నా. నిన్న సాయంత్రం పోసింది నేనే." ఆవిడ గొంతు చిన్నదైపోయింది. "బిరడాకి వాషరు తేవడానికి లమియత్ స్టోరుకి వెళ్ళింది. మూతి మీద గుడ్డ కప్పి ఉంది. అన్ని మిషన్లకీ మంత్రజలం అందుతుంది, ఇదొక్కటీ ఏం పాపం చేసిందనుకున్నా. నీ వ్యాపారం చల్లగా ఉండాలని గుడినుంచి తెచ్చుకున్న సీసాలోంచి ఒక గ్లాసు తాగించా. చల్లగా ఉండాలనే పోశాన్రా."

పెద్దమ్మగారు ఆగలేదు, గేటు దాకా వెళ్ళనే వెళ్ళింది. పిన్ని పరిగెత్తి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు, ఆవిడ బయటికి లాగుతోంది, ఈవిడ లోపలికి. మూడొందల మంది ముందు ఓనరు దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"రా అమ్మా. గేటు మాట ఇంకెప్పుడూ ఎత్తను."

"నాకు చెప్తావేంరా? వాళ్ళకి చెప్పు. వినబడేట్టు చెప్పు."

ఆయన మా వైపు తిరిగి చెప్పారు. ఎవరు ఏ తప్పు చేసినా, వచ్చి చెప్పినవాళ్ళని ఏమీ అననని, పనిలోంచి తియ్యనని, పెద్ద గొంతుతో చెప్పారు. మాకు అలాంటి మాటలు వినడం అలవాటు లేదు.

ముందుగా కదిలింది సవాత్. నా ఈడువాడు, పెద్ద ట్యాంకు దగ్గర పని, నోట్లోంచి మాట రాని మనిషి. పిన్ని దగ్గరికి వచ్చి నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

"పిన్నీ. ట్యాంకు గొట్టం నిన్న నేను కడిగా."

"దేంతో కడిగావు?"

"నీళ్ళతో. భిక్షువులు ఆ దారిన వస్తారని... పండగ కదా అని. మళ్ళీ బిగించేశా."

పిన్ని పెద్దమ్మగారి చెయ్యి వదిలేసి పరిగెత్తింది. ఆవిడ వెనక ఒరతాయ్ గారు, మేమూ. సెలవులు అయిపోయిన రోజు పొద్దున్నే ఆ వాల్వు తిప్పి పంపు వేస్తారు, గొట్టంలో ఉన్నదంతా ట్యాంకులోకే పోతుంది. ఒరతాయ్ గారు వాల్వు గట్టిగా మూసి ఉందో లేదో చూసి, మాస్కు తగిలించుకుని గొట్టం మరలు ఊడదీసింది. పిన్ని గొట్టం కొసను కిందకు వంచింది. నీళ్ళు జారి ఆవిడ పాదాల మీద పడ్డాయి. బకెట్టు కంటే ఎక్కువే ఉంటాయి.

ఒరతాయ్ గారు ఆ నీళ్ళను చూసి, తలెత్తి ట్యాంకును చూసి, అక్కడే చతికిలబడిపోయింది. డ్రమ్ము ఒక్కటే ఆ పని చేస్తే, అంత ట్యాంకు పగిలితే గోడకవతల మా గదుల్లో ఎవరు మిగిలేవాళ్ళు? క్రియెంగ్ గారు రొప్పుతూ వెనకనే వచ్చారు. నీళ్ళు చూశారు. సవాత్ వైపు తిరిగారు. వాడు కళ్ళు మూసుకున్నాడు.

ఓనరు సవాత్ ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించారు.

గోడకవతల మా గదుల్లో ఎవరి బిడ్డో అన్నం తిననని మారాం చేస్తోంది. బుజ్జగిస్తున్న తల్లి గొంతు కూడా వినిపిస్తోంది. ఆ బిడ్డ తినడం మొదలుపెట్టేదాకా మేమెవరమూ అక్కణ్ణుంచి కదల్లేదు.